కడిగిన ఇసుక

పాఠ్యప్రణాళిక కాగితంలో ఈ ఏడు ఒక గడి కొత్తగా మొలిచింది.
పాఠం, వారం, ల్యాబు గంటలు,
వాటి పక్కన కాస్త వెడల్పుగా:
‘దీనివల్ల విద్యార్థికి అబ్బే విలువ’.
నేను చెప్పేది కాంక్రీటు.
సిమెంటు ఎంత, నీళ్లెన్ని, ఎన్నాళ్లు తడపాలి.
పద్దెనిమిదేళ్లుగా ఆ గడి లేకుండానే తడిపాను.

శిక్షణ తరగతిలో ఒక కుర్రాడు
తెర మీద పులుసుగిన్నె బొమ్మ వేసి చూపించాడు.
విలువలు ఉప్పులా కలవాలన్నాడు.
నాలిక్కి తెలియాలి, కంటికి కనపడకూడదు,
గడ్డ తగిలిందా, పిల్లలు ఉమ్మేస్తారు.
అందరూ రాసుకున్నారు.
నేనూ రాసుకున్నాను, ఉప్పు అని,
కింద రెండు గీతలు గీసి.

ఆ రాత్రి గడులు నింపుతూ కూర్చుంటే
మొదటి పాఠానికి ఐకమత్యం దొరికింది:
ఇసుకా కంకరా సిమెంటూ కలిస్తేనే కదా బలం.
రెండోదానికి ఓర్పు, ఇరవై ఎనిమిది రోజులు.
మూడోదానికి దేశభక్తి, పెద్ద వంతెన ఫోటో ఒకటి.
నాలుగోదానికి మళ్లీ ఐకమత్యమే వచ్చింది.
టీ చల్లారిపోయింది.
మా ఆవిడ తొంగిచూసి
"గోడకి నీతులు చెబుతున్నావా?" అంది.

ఐదో పాఠం సముద్రపు ఇసుక.
ఛ్వాన్‌జౌలో దానికేం కరువు,
కిటికీ తెరిస్తే హాజరుపట్టీ మీదే రాలుతుంది.
వెనక బల్ల మీద పరిశీలనకొచ్చిన జ్వాంగ్ మేడమ్,
రిటైరైన వెల్డింగ్ ప్రొఫెసరు,
ఒళ్లో నోటుపుస్తకం, దాని కింద సగం అల్లిన స్వెట్టరు.
విలువ తగిలినచోటల్లా టిక్కు పెట్టడం ఆమె పని.

చెప్పుకుపోతున్నాను.
కడగని ఇసుకలో ఉప్పుంటుంది, కంటికి కనపడదు.
గోడ గట్టిపడుతుంది, రంగేస్తారు, తాళాలిచ్చేస్తారు.
మొదటేడు ఏ పరీక్ష పెట్టినా నెగ్గుతుంది.
లోపలి ఇనుమే, తుప్పుతో ఉబ్బి ఉబ్బి,
తనను కప్పిన గోడని తనే పగలగొట్టుకుంటుంది.
అంటూ ఉండగానే
ఆ పులుసుగిన్నె గుర్తొచ్చింది.
చేతిలో సుద్దముక్క విరిగింది.

వెంగ్ షుయీ లేచి నిలబడింది.
దీవి పిల్ల, ఎప్పుడూ గోడవార కూర్చుంటుంది.
"మా నాన్నది ఇసుక పడవ సార్.
కడగాలంటే మంచినీళ్లు కావాలి.
మా దీవిలో తాగడానికే ట్యాంకరు రావాలి.
కడిగినట్టు కాగితం మాత్రం టన్నుకింతని దొరుకుతుంది.
రేపు నేను ఇంజినీరునయ్యాక
ఆ కాగితం నా బల్ల మీదికే వస్తే,
అడుగున సంతకం మా నాన్నదే అయితే,
అప్పుడేం చెయ్యాలి?"

ఎవరూ నవ్వలేదు.
వెనక అల్లికసూదులు ఆగాయి.
జవాబు నా ప్రణాళికలో లేదు.
చేతకు వచ్చినదేదో అదే చెప్పాను:
"ఆ ఇసుక నానిన నీళ్లు గాజుగొట్టంలో తీసుకో.
సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వెయ్యి.
ఉప్పుంటే పాలు విరిగినట్టు తెల్లగా విరుగుతుంది.
చుక్కకి సంతకాలు చదవడం రాదు."
"విరిగాక?" అంది.
విరిగాక సంగతి నాకు తెలియదన్నాను.
కూర్చుంది,
ఒప్పుకుని మాత్రం కాదు.

గంటయ్యాక జ్వాంగ్ మేడమ్ ఊలు సంచిలో కుక్కుకుంటూ
"టిక్కు ఎక్కడ పెట్టాలో తోచలేదయ్యా" అంది.
"తెలియదన్నావు చూడు, అక్కడ పెడదామనుకున్నాను.
దానికి నంబరు లేదు."
మెట్లు దిగుతూ మళ్లీ ఆగింది.
ఎప్పుడో ఓడలరేవులో, చీకటిపడే వేళ,
తాను సరేనన్న అతుకు ఒకటి,
అని మొదలుపెట్టి,
వాన వచ్చేట్టుంది, అని గొడుగు విప్పింది.

ఐదో గడి అలాగే ఉంది.
ఆఫీసువాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారు.
ఇవాళ పొద్దున ల్యాబు తలుపు దగ్గర
ప్లాస్టిక్ సంచిలో తడి ఇసుక,
చీటీ లేదు, పేరు లేదు,
ముడి మాత్రం పడవవాళ్లు వేసే ముడి.
విప్పలేదు.
తనే వచ్చి విప్పాలి.
నైట్రేటు సీసా దించి బల్ల మీద పెట్టాను,
గ్లవ్స్ రెండు జతలు.